తీసేసిన ఖాళీలు

మార్చి 3, సోమవారం

ఈ టెంప్లేట్ రాసినవాడెవడో గానీ ఉద్యోగం మానేసి మంచిపని చేశాడు. ఎదురుపడితే నాలుగు మాటలు అనేసేదాన్ని.

రేడియోలో పొద్దుటి ఏడు గంటల వార్తలు పది నిమిషాలు. ఆ పది నిమిషాలకి ఆరు పేజీలు ప్రింటవుతాయి. చూస్తే సగం తెల్లకాగితమే. న్యూస్‌రూమ్ వాళ్ళు వార్తలు కంప్యూటర్‌లో ఎక్కిస్తారు. టెంప్లేట్ వాటిని వరసలో పేర్చి, చదివేవాళ్ళ చేతికిచ్చే కాగితం తయారుచేస్తుంది. పేర్చడానికి రాసిన ఆదేశాలు కాగితం మీద కనిపించవు, అవి కూర్చున్న లైను మాత్రం ఖాళీగా మిగిలిపోతుంది. ఆదేశం లోపల ఆదేశం, దాని లోపల ఇంకోటి. అందుకని ప్రతి వాక్యం కింద ఒక ఖాళీ లైను, ప్రతి వార్త కింద మూడో నాలుగో. అందరూ తిని లేచాక కంచాలు ఎత్తకుండా వదిలేసినట్టుంది.

నాకు ఇలాంటివి కంట్లో నలుసులా ఉంటాయి. ఇంట్లో అలమరలో గ్లాసుల మధ్య సందున్నా సర్దేదాకా నిద్రపట్టదు.

పైగా అదే ముక్క పద్నాలుగు చోట్ల కాపీ కొట్టి ఉంది. వాతావరణానికి ఒకటి, ట్రాఫిక్‌కి ఒకటి, నీళ్ళ సరఫరాకి ఒకటి. మాక్రో అనేది ఎందుకుంది? ఒక్కసారి రాసి దానికో పేరు పెడితే, ఆ తర్వాత పేరు పెట్టి పిలిస్తే చాలు, వచ్చి పని చేసి పోతుంది. డైరెక్టర్ గారిని అడిగాను. కానివ్వండమ్మా, కాగితం కూడా మిగులుతుంది, అన్నారు. మార్పులు ఏవైనా సోమవారమే ఎక్కించాలి, ఆయన సంతకం ఉండాలి. అది ఇక్కడి రూలు.

ఆ వార్తలు చదివేది మా అక్క. ఇరవై రెండేళ్ళ సర్వీసు. పోయినేడు గొంతుకి ఆపరేషన్ అయింది. లోపల ఒక స్వరతంత్రి సరిగ్గా మూసుకోవడం లేదట, మాట్లాడుతుంటే గాలి ఊరికే జారిపోతుందట. ఎనిమిది నెలలు ఇంట్లో కూర్చుని, జనవరిలో మళ్ళీ మైకు ముందుకొచ్చింది. గొంతు కొంచెం బొంగురుపోయింది గానీ చదవడం మాత్రం చెక్కుచెదరలేదని అందరూ అన్నారు. నాకీ ఉద్యోగం వచ్చింది కూడా అక్క ఓ మాట చెప్పబట్టే. నా ప్రొబేషన్ ఈ నెలాఖరుకి అయిపోతుంది. అప్పటికి ఏదో ఒకటి చేసి చూపించాలి కదా.

మార్చి 5, బుధవారం

ఖాళీని మింగించడానికి ఒక మైనస్ చాలు. ఆదేశం మొదట్లో పెడితే ముందున్న తెలుపు పోతుంది, చివర పెడితే తర్వాతది పోతుంది. నేను ఆవేశంలో అన్నిచోట్లా రెండువైపులా పెట్టేశాను. ప్రింట్ తీస్తే హెడ్డింగు, వార్త, తర్వాతి వార్త అన్నీ రద్దీ బస్సులో జనంలా ఒకదాని మీద ఒకటి పడి ఉన్నాయి. వాతావరణం క్రికెట్ స్కోరులోకి దూరిపోయింది.

పక్క కుర్చీలో సౌండ్ ఇంజినీరు చూసి పగలబడి నవ్వాడు. ఆయన్ని అందరూ చెవులాయన అంటారు. ఫ్యాను చప్పుడు విని బేరింగు ఎన్నాళ్ళకి పోతుందో చెప్పే రకం. ఇది చదవాలంటే గుర్రానికి ఉన్నంత ఊపిరి కావాలమ్మా, అన్నాడు. నేనూ నవ్వాను.

మార్చి 7, శుక్రవారం

అయిపోయింది. పద్నాలుగు ముక్కల చోట ఒక్క మాక్రో. ఆరు పేజీల చోట మూడు. ఒక వార్తకీ ఇంకో వార్తకీ మధ్య ఒక్క లైను ఖాళీ, అంతే. వాక్యాలన్నీ బుద్ధిగా ఒకదాని వెనక ఒకటి. డైరెక్టర్ గారు మీటింగులో రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి అందరికీ చూపించారు. పని అంటే ఇలా ఉండాలి, అన్నారు. నా చెవులు వేడెక్కాయి.

అక్కకి కొత్త కాగితం ఇచ్చి ఎలా ఉందని అడిగాను. బాగుందే, శుభ్రంగా ఉంది, అంది. కొంచెం ఆగి, కంటికి కాస్త బరువుగా ఉంది, అలవాటైపోతుందిలే, అంది. కళ్ళజోడు మార్పించుకోమన్నాను.

మార్చి 10, సోమవారం. పొద్దున 7:20

ఈరోజు నుంచి కొత్త కాగితం. బస్సులో ఫోన్ చెవికి పెట్టుకుని విన్నాను. మూడో వార్త మధ్యలో అక్క గొంతు తెగింది. దగ్గు. సారీ చెప్పి మళ్ళీ మొదలుపెట్టింది. చివరి రెండు నిమిషాలు మెట్లెక్కుతూ మాట్లాడినట్టుంది.

జలుబు చేసిందేమో.

మార్చి 13, గురువారం

ఈరోజూ అంతే. నిన్నా అంతే.

మార్చి 17, సోమవారం

డైరెక్టర్ గారు అక్కని పిలిపించారు. వినేవాళ్ళ నుంచి ఫోన్లు వస్తున్నాయట, ఆవిడకి ఒంట్లో బాగాలేదా అని. ఈ నెల 29న, శనివారం పది గంటలకి, ఒక బులెటిన్ రికార్డు చేస్తారు. ముగ్గురు కూర్చుని వింటారు. బాగుంటే సరే, లేకపోతే ఏడు గంటల వార్తలు వేరేవాళ్ళకి ఇస్తారు. అక్క బయటికొచ్చి నన్ను చూసి, మనిషన్నాక అరుగుదల ఉండదా, అంది. నవ్వబోయింది గానీ నవ్వు రాలేదు.

డాక్టరు దగ్గరికి వెళ్ళిందట. గొంతు జనవరిలో ఎలా ఉందో ఇప్పుడూ అలాగే ఉంది, తేడా ఏమీ లేదు, అన్నాడట. అక్క నమ్మలేదు. నా గొంతు సంగతి నాకు తెలియదా, అందట. బావ ఫోన్ చేసి ఇదంతా చెప్పాడు. మీ అక్క గొంతు దాచుకోవాలని ఇంట్లో మాట్లాడటం మానేసింది, ఏం కావాలన్నా చిన్న నోట్‌బుక్‌లో రాసి చూపిస్తోంది, ఇల్లు పరీక్ష హాలులా ఉంది, అన్నాడు. పాపం బావ. గడియారాలు బాగుచేసే మనిషి, మాటల కోసమే ఇంటికొస్తాడు.

మార్చి 19, బుధవారం

మధ్యాహ్నం చెవులాయన టీ తాగుతూ, ఒక సంగతి అడగనా, అన్నాడు. మీ అక్కగారి బులెటిన్‌లో మునుపు కాగితం ఐదుసార్లు తిరిగేది, ఎంత మెల్లగా తిప్పినా నాకు వినపడేది. ఇప్పుడు రెండుసార్లే తిరుగుతోంది. వార్తలు తగ్గించారా? అన్నాడు.

తగ్గించలేదు. కాగితం తగ్గించాను.

అప్పటికీ నా బుర్ర వెలగలేదు. ఆయన జనవరి రికార్డింగు ఒకటి, నిన్నటిది ఒకటి తీసి తెరమీద ఒకదాని కింద ఒకటి పెట్టాడు. జనవరిది చూస్తే గొంతు గీతల మధ్య చిన్న చిన్న సందులు, దువ్వెన పళ్ళలా వరసగా. నిన్నటిది చూస్తే గోడ.

పాత ఫైళ్ళలోంచి ఆ జనవరి రోజు కాగితం ప్రింట్ తీసుకున్నాను. ఇయర్‌ఫోన్ పెట్టుకుని, పెన్సిల్ పట్టుకుని, అక్క ఊపిరి తీసిన ప్రతిచోటా టిక్కు పెట్టుకుంటూ పోయాను. తొంభై మూడు ఊపిర్లు. అందులో ఎనభై తొమ్మిది ఖాళీ లైన్ల దగ్గరే.

అక్కకి తెలియదు. నాకు తెలియదు. ఆ చెత్త టెంప్లేట్ రాసినవాడికీ తెలియదు. ఆపరేషన్ తర్వాత అక్క కన్ను తెలుపు కనిపించిన చోటల్లా ఆగింది, ఆగిన చోటల్లా ఊపిరి తీసుకుంది. ఆ ఖాళీలే ఆమెని మోశాయి. నేను మైనస్సులు పెట్టి వాటిని ఏరి పారేశాను.

కంటికి కాస్త బరువుగా ఉంది, అంది. చెప్పింది కదా. ఏడో తారీఖునే చెప్పింది. నేను కళ్ళజోడు మార్చుకోమన్నాను.

మార్చి 20, గురువారం

ఒక్క మాట చెప్తే సరిపోతుంది. అక్కా, నీ గొంతుకేం కాలేదు, కాగితం మారింది.

పొద్దున మేకప్ లేని మొహంతో, చేతిలో వేడినీళ్ళ ఫ్లాస్కుతో వరండాలో కనిపించింది. నోరు తెరిచాను. వెనకాలే డైరెక్టర్ గారు వస్తున్నారు. నోరు మూసుకున్నాను.

ఎందుకు మూసుకున్నానో ఇక్కడైనా నిజం రాయాలి. మీటింగులో ఆ రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి చూపించారు. నా పర్మనెంట్ ఆర్డరు ముప్పయ్యో తారీఖు లోపల టైపవుతుంది. పని అంటే ఇలా ఉండాలి అన్న నోటితోనే ఇంకో మాట వినాల్సి వస్తుందని భయం. అంతే. ఇంకే గొప్ప కారణమూ లేదు.

చెప్పకుండానే బాగుచేస్తాను. సోమవారం ఖాళీలు వెనక్కి పెట్టేస్తాను. అక్క మళ్ళీ బాగా చదువుతుంది. ఎవరికీ ఏమీ తెలియనవసరం లేదు.

మార్చి 21, శుక్రవారం

కొత్త మాక్రో రాశాను. ప్రతి వాక్యం తర్వాత ఒక ఖాళీ, వార్త తర్వాత మూడు. పాతది పొరపాటున చేసిన పని ఇది కావాలని చేస్తుంది. దానికి ఊపిరి అని పేరు పెట్టబోయి, నాకే సిగ్గేసి, గ్యాప్ అని పెట్టాను.

మార్పుకి కారణం రాయాల్సిన చోట ‘ఫార్మాటింగ్’ అని రాశాను.

మార్చి 23, ఆదివారం

అక్క భోజనానికి రమ్మంది. రమ్మన్నది బావ ఫోన్లో, పక్కనుంచి అక్క చెప్పిస్తే.

ముగ్గురం తిన్నాం. మాట్లాడింది బావా నేనూ. అక్క నోట్‌బుక్ పళ్ళెం పక్కన పెట్టుకుని కూర్చుంది. ఇంకొంచెం పెట్టనా, అని రాసి చూపించింది. చాలన్నాను. చేతులు కడుక్కుని వచ్చాక బావ లోపలికి వెళ్ళినప్పుడు ఇంకో పేజీ తిప్పి రాసింది. నిజం చెప్పు. నా గొంతు పోయిందా?

ఆ అక్షరాలు చూస్తూ నిలబడ్డాను. గుండ్రటి అక్షరాలు. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని దిద్దించినవి.

రెస్ట్ తీసుకో అక్కా, అన్నాను.

తలూపింది. నోట్‌బుక్ మూసేసింది.

మార్చి 24, సోమవారం

డైరెక్టర్ గారు సంతకం పెట్టలేదు. ఇప్పుడే కదమ్మా మూడు పేజీలకి తెచ్చారు, మళ్ళీ ఐదెందుకు, అన్నారు. చదవడానికి వీలుగా ఉంటుందని, అని గొణిగాను. చదివేవాళ్ళు అడిగారా, అన్నారు. లేదన్నాను. అయితే వచ్చే సోమవారం చూద్దాం, అన్నారు.

అడిగింది సార్. మా అక్క అడిగింది. ఈ వాక్యం లిఫ్టులో నాలుగుసార్లు అనుకున్నాను. లిఫ్టులో అనుకుంటే ఎవరికి వినపడుతుంది?

సరే. 29న రికార్డింగుకి నేనే విడిగా ప్రింట్ తీస్తాను, కొత్త మాక్రోతో. గదిలోకి వెళ్ళేముందు అక్క చేతిలో పెడతాను. చదివేస్తుంది. ఆ తర్వాత ఎప్పుడైనా నెమ్మదిగా చెప్పొచ్చు, నవ్వుకుంటూ.

మార్చి 26, బుధవారం

ఈ పొద్దున వాతావరణం దగ్గర అక్క పూర్తిగా ఆగిపోయింది. చెవులాయన పాట వేసేశాడు.

మార్చి 28, శుక్రవారం

ప్రింట్ తీశాను. ఐదు పేజీలు. బల్లమీద పరిచి చూసుకున్నాను. ఎంత తెలుపో. మూడు వారాల కిందట ఇదే నాకు కంపరంగా ఉండేది.

పర్మనెంట్ ఆర్డరు వచ్చింది. టేబుల్ మీద కవరు. తెరవబుద్ధి కాలేదు.

మార్చి 29, శనివారం. పొద్దున 9:10

ముందే వచ్చేశాను. కాగితాలు సంచిలో ఉన్నాయి. మడత పడకుండా అట్ట మధ్య పెట్టాను. అక్క తొమ్మిదిన్నరకల్లా వస్తుంది, ఇరవై రెండేళ్ళలో ఒక్కరోజు ఆలస్యం లేదు.

9:50

రాలేదు. ఫోన్ ఎత్తడం లేదు.

10:15

స్టూడియోలో ఎవరో కొత్తాయన కూర్చుని ఉన్నాడు. చెవులాయన అలా తల దించుకుని కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు, ఇవాళ చూశాను.

డైరెక్టర్ గారి గదికి వెళ్ళాను. మీకు తెలియదామ్మా, అన్నారు. నిన్న సాయంత్రం అక్క వచ్చి ఉత్తరం ఇచ్చి వెళ్ళిందట. నేను మేడమీద ప్రింటరు దగ్గర నిలబడిన టైములో. ఉత్తరం నాకు చూపించారు. నా గొంతు ఇక ఈ పనికి పనికిరాదు, ముగ్గురు కూర్చుని ఆ సంగతి వినవలసిన అవసరం లేదు, సెలవు. నాలుగు లైన్లు. అవే గుండ్రటి అక్షరాలు.

సార్, గొంతు కాదు, కాగితం, అన్నాను. ఆయనకి అర్థం కాలేదు. సంచిలోంచి ఐదు పేజీలూ తీసి బల్లమీద పెట్టాను. జనవరి కాగితం కూడా, నా టిక్కులతో. నిలబడే మొత్తం చెప్పేశాను, తారీఖులతో సహా.

టిక్కుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే చూశారు. కేకలేస్తారనుకున్నాను. వెయ్యలేదు. పది రోజుల కిందట చెప్పి ఉంటే ఆ కుర్చీలో ఇప్పుడు ఆవిడే ఉండేదమ్మా, అన్నారు. అడిగి చూస్తాను, రమ్మంటే వస్తుందేమో, అన్నారు. ఆ రెండో మాట నా కోసం అన్నారని ఆయన మొహంలోనే తెలిసిపోయింది.

మార్చి 30, ఆదివారం

వెళ్ళాను. తలుపు బావ తీశాడు. అక్క వంటింట్లో బల్ల దగ్గర ఉంది. కూర్చోమని కుర్చీ చూపించింది. కూర్చుంటే చెప్పలేనని నిలబడే చెప్పాను. మాక్రో అంటే ఏమిటో, మైనస్ పెడితే ఏమవుతుందో, జనవరి కాగితం మీద ఎనభై తొమ్మిది టిక్కులు ఎలా వచ్చాయో. మధ్యలో ఏడుపొచ్చింది, ఆపుకోకుండానే చెప్పాను.

అక్క చెయ్యి చాపింది. నిన్నటి ఐదు పేజీలు ఇచ్చాను.

గొంతు సవరించుకుని చదవడం మొదలుపెట్టింది. చదివింది వంటింట్లో, ఎదురుగా మైకు లేదు, ఎవరికీ అక్కర్లేని నిన్నటి వార్తలు. బావ గడప దగ్గర చేతిలో వాచీ పట్టుకుని అలాగే ఆగిపోయాడు. ఒక వాక్యం, ఊపిరి. ఒక వాక్యం, ఊపిరి. ఎక్కడా తెగలేదు. రోడ్డు మరమ్మతులు, నీళ్ళు వదిలే వేళలు, రేపటి ఎండ. చివర, వార్తలు ఇంతటితో సమాప్తం, అంది. తొమ్మిది నిమిషాల యాభై సెకన్లు, అన్నాడు బావ.

అయితే పోలేదన్నమాట, అంది అక్క. చదివిన వార్తలు తీసేస్తే, దాదాపు రెండు వారాల తర్వాత ఆ ఇంట్లో అది తన మొదటి మాటట. ముందు నవ్వింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

తర్వాత కాగితాలు సర్ది, అంచులు సమంగా బల్లకి తట్టి, నా వైపు తోసింది. కాగితం నువ్వు బాగుచెయ్యాలనే చేశావు, దాన్ని నేను తప్పు పట్టను, అంది. ఎవరికి తెలుసు ఇలా అవుతుందని, నాకే తెలియలేదు, అంది. పంతొమ్మిదో తారీఖున నీకు తెలిసింది. ఇరవై మూడున ఇక్కడికొచ్చి, ఈ కుర్చీలో కూర్చుని తిన్నావు. నేను నోరు మూసుకుని కాగితం మీద రాసి అడిగాను, గొంతు పోయిందా అని. నువ్వు చదివావు కదే. చదివి రెస్ట్ తీసుకోమన్నావు.

అవునన్నాను.

ఆ రోజు రాత్రే ఉత్తరం రాశాను, అంది. నువ్వు అలా అన్నావంటే ఇక నిజంగానే పోయిందని.

కాళ్ళు పట్టుకోబోతే వెనక్కి జరిగింది. ఇవాళ్టికి వెళ్ళు, అంది. గట్టిగా అనలేదు. బులెటిన్ చదివే గొంతుతోనే అంది.

మార్చి 31, సోమవారం

గ్యాప్ మాక్రోకి సంతకం అయింది. డైరెక్టర్ గారు అక్కకి ఫోన్ చేశారట. గొంతు పోయిందని నా చేత్తో రాసిచ్చాను, ఇప్పుడు మళ్ళీ వచ్చిందంటే నవ్విపోతారు, కొత్తాయన్ని లేపొద్దు, అందట.

మార్పుకి కారణం రాయాల్సిన చోట ఈసారి మొత్తం రాశాను. పేజీ చాలలేదు.

ఏప్రిల్ 3, గురువారం

కొత్తాయన ఎంత నిదానంగా, ఎంత హాయిగా చదువుతున్నాడో అని వినేవాళ్ళు మెచ్చుకుంటున్నారట.

ఏప్రిల్ 9, బుధవారం

రోజూ పొద్దున ఒకసారి అక్కకి ఫోన్ చేస్తున్నాను. మోగి మోగి ఆగిపోతుంది. బావ మాత్రం మెసేజ్ పెట్టాడు. బాగానే ఉంది, మాట్లాడుతోంది, నాతోనూ ఎదురింటివాళ్ళతోనూ. నీ పేరెత్తితే లేచి వేరే గదిలోకి వెళ్తోంది. కొన్నాళ్ళు ఆగు.

ఆగడం నాకు రాదు. ఆ సంగతి ఇంటిల్లిపాదికీ తెలుసు. ఎవరైనా మాట్లాడుతూ ఒక్క క్షణం ఆగితే మిగతా వాక్యం నేనే పూర్తిచేసేస్తాను. అక్క ఆపరేషన్ తర్వాత కూడా, ఊపిరి కోసం ఆగిన ప్రతిసారీ తన మాట నేనే అందుకునేదాన్ని. ఇన్నాళ్ళూ అది సాయమనుకున్నాను.

ఏప్రిల్ 17, గురువారం. పొద్దున 7:12

ఫోన్ మోగింది. అక్క.

ఎత్తాను. అవతల మాట లేదు. ఊపిరి మాత్రం వినిపిస్తోంది. తీసుకోవడం, వదలడం.

అక్కా అనబోయి ఆగాను.




అలాగే ఉండనిచ్చాను.